గుటకయు గణమును: పార్కిన్సన్ వ్యాధియందు లయచికిత్స

ఆహారము నోటినుండి గొంతు దాటి కడుపున జేరు క్రియను దెలుపుటకు తెలుగున పెక్కు మాటలు కలవు. మ్రింగుట సామాన్యవాచకము. ఒక్కమారు మ్రింగుట గుటక. ద్రవమైనచో గుక్క. ఈ గుక్క యను మాటకు మరియొక యర్థము కూడ కలదు. గుక్కెడు నీళ్లన్నపుడు అది నీటికి కొలత. గుక్క తిప్పుకొనుట యన్నపుడు అదియే ఊపిరికి పేరు. ఈ రెండర్థములు ఒక మాటయం దెట్లు చేరినను, శరీరధర్మమునకు మాత్రము చక్కగా సరిపోవుచున్నవి. గొంతునందు కొంత మేర అన్నమునకును గాలికిని త్రోవ యొక్కటియే. ఒకటి పోవునపుడు రెండవది ఆగవలయును. ఈ యేర్పాటు తప్పి, పోవలసినది అన్ననాళమున బోక శ్వాసనాళమువైపు జారినపుడు కలుగు ఉక్కిరిబిక్కిరికి పొలమారుట యని పేరు.

పొలమారినవాని నడినెత్తిపై తట్టి, ఎవరో తలచుకొనుచున్నారనుట తెలుగు ఇండ్ల వాడుక. ఎప్పుడో యొకమారు జరిగినపుడు ఆ మాట ముచ్చటగనే యుండును. అన్నమునకు గూర్చుండిన ప్రతిదినమును పొలమారు వృద్ధుని యెడల అది ప్రమాదమునకు తెర యగును. స్వగ్రామమును విడిచి దూరదేశమున స్థిరపడిన కుటుంబములలో ఈ నమ్మకమునకు బలము హెచ్చు. ఊరనున్నవారు తలచుకొనుచున్నారను ఊరట ఎవరికి వలదు? కాని ఆ ఊరటలో ఒక వ్యాధిలక్షణము ఏండ్లతరబడి గుర్తింపబడక పోవచ్చును. పార్కిన్సన్ వ్యాధిగ్రస్తులలో మరణమునకు ముఖ్యకారణములలో నొకటి, మ్రింగినది ఊపిరితిత్తులలో జేరుటవలన కలుగు న్యుమోనియా. కావున ఈ విషయము వైద్యులకు మాత్రమే విడువదగినది కాదు. దీని నివారణమున లయకును, లయద్వారమున భాషకును గల పాత్ర ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నది.

పరిశీలనకు సూరతు నగరపు దక్షిణభాగమునందలి సచిన్ ప్రాంతము ఆధారముగా గైకొనబడినది. ముంబాయి పోవు రైలుమార్గముపై నున్న ఈ పట్టణము 1791 మొదలు 1948 వరకు సిద్దీ నవాబుల సంస్థానమునకు పేరిచ్చినది. నేడు అది పారిశ్రామికవాడ. 2020 లో సూరతు నగరపాలక సంస్థలో కలిసినది. సూరతునకు చేరిన తెలుగువారిలో వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు పెక్కురు. లింబాయతు, ఉధనా మొదలగు పేటలనుండి సచిన్ వరకు వ్యాపించిన మరమగ్గముల వ్యవసాయమున ఒడియా, హిందీ, మరాఠీ భాషలవారితోపాటు వీరును పాలుగొన్నారు. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలను నడపుటయే ఈ సమాజపు పరిమాణమునకు తగిన సాక్ష్యము. ఇక్కడ వృద్ధుడైన నేతగాడు రోగియైనచో, అతనికి ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, ఆసుపత్రిలో గుజరాతీ. చికిత్స చేయువారు లెక్కపెట్టునది ఒక భాష. రోగి దేహమునకు చిన్ననాట అలవడినది మరియొక భాష.

ఇక వ్యాధి స్వరూపము. లండనునందలి వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817 లో వణకు వాతమును గూర్చి యొక చిన్న పుస్తకము ప్రకటించెను. వణకును, ముందునకు వంగి వడివడిగా బడు అడుగులను వర్ణించుటతో నాతడు ఆగలేదు. నోటనుంచిన ముద్దను నమలుటకును మ్రింగుటకును రోగి పడు ప్రయాసమును, నోటినుండి చొంగ కారుటను గూడ వ్రాసెను. ఆయుర్వేదజ్ఞులు ఇట్టి లక్షణములను కంపవాతమను పేర వ్యవహరింతురు. మెదడునందలి ఒక నల్లని భాగమున డోపమైన్ అను పదార్థమును పుట్టించు కణములు క్రమముగా నశించుట ఈ వ్యాధికి మూలము. 1957 లో ఆర్విడ్ కార్ల్సన్ చేసిన ప్రయోగములు, 1960 లో హోర్నికేవిచ్ పరిశీలనలు ఈ సంగతిని స్థిరపరచినవి. 1967 లో కోట్జియాస్ లెవోడోపాను పెద్ద మోతాదులలో నిచ్చి రోగులను లేచి నడవజేసెను. ఈ లెవోడోపాను దూలగొండి గింజలనుండి మదరాసున దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు వేరుపరచి 1937 లోనే ప్రకటించియుండిరి. అయినను ఈ యౌషధము నడకకు జేసినంత మేలు మ్రింగుటకు జేయదు. అందువలననే ఔషధమునకు తోడు అభ్యాసచికిత్స అవసరమగుచున్నది.

మ్రింగుట చూచుటకు చిన్నపని, చేయుటకు గొప్పపని. ఇరువదికి పైబడిన జతల కండరములు ఒక క్రమమున పనిచేయవలయును. దీనిని నాలుగు దశలుగా విభజింతురు. మొదట పదార్థము నోట నమలబడి ముద్దగును. రెండవ దశలో నాలుక అంగిటికి ఒత్తుకొని ఆ ముద్దను వెనుకకు నెట్టును. మూడవ దశలో కొండనాలుక ప్రాంతము పైకి లేచి ముక్కుత్రోవను మూయును. స్వరపేటిక పైకి జరిగి మూతపడును. ఊపిరి క్షణకాలము నిలుచును. ముద్ద గొంతు దాటును. దీనికి పట్టు కాలము ఇంచుమించు ఒక సెకను. నాలుగవ దశ అన్ననాళమునందలి ప్రయాణము. మొదటి రెండును మన యధీనములు. తక్కిన రెండును తమంతట నడచునవి. వానిని మెదడు కాండమునందలి నాడీకేంద్రము నడపును. ఆరోగ్యవంతుడు లాలాజలమును దినమునకు సుమారు 500 మొదలు 700 మార్లు తనకు తెలియకయే మ్రింగును.

పార్కిన్సన్ వ్యాధిలో ఈ వరుస ఆరంభముననే తడబడును. ముద్ద నాలుకపై సిద్ధముగా నుండును. నాలుక ముందువెనుకలకు పలుమార్లు కదలుచుండును. మ్రింగుట మాత్రము మొదలుకాదు. వాకిట నిలిచిన రోగికి అడుగు పడనట్లే, గొంతువాకిట ముద్దకు అడుగు పడదు. చొంగ కారుట లాలాజలము ఎక్కువగుటవలన కాదు, దానిని మ్రింగు తఱచుదనము తగ్గుటవలన. ఆరోగ్యవంతులు మ్రింగిన వెంటనే సామాన్యముగా ఊపిరి విడతురు. ఈ రోగులలో మ్రింగిన పిమ్మట ఊపిరి పీల్చుట హెచ్చుగా కానవచ్చును. అట్లు పీల్చినపుడు గొంతున మిగిలిన మెతుకు లోనికి పోవును. అన్నింటికంటె కష్టమైన సంగతి, ఇది రోగికే తెలియకపోవుట. పలు పరిశోధనలను గలిపి 2012 లో కాల్ఫ్ మొదలగువారు వేసిన లెక్కలో, అడిగినపుడు మ్రింగుట కష్టమని చెప్పినవారు నూటికి 35 మంది. పరీక్షచే లోపము కనుగొనబడినవారు నూటికి 82 మంది. కొందరిలో పదార్థము శ్వాసనాళమున బడినను దగ్గు రాదు. పొలమారుట యైనను ఒక హెచ్చరిక. ఆ హెచ్చరికయు లేని స్థితి మరింత భయంకరము.

ఇట్టి రోగమునకు లయ యెట్లు తోడ్పడును? అమరకోశము తాళమును కాలముయొక్కయు క్రియయొక్కయు కొలతగాను, లయను వాని సామ్యముగాను జెప్పినది. క్రియకు కాలము కుదురుటయే లయ. అలవాటైన పనిని ఎప్పుడు మొదలిడవలెనో, ఒక యంశమునుండి మరియొక యంశమునకు ఎప్పుడు మారవలెనో లోపలినుండి సూచించు వ్యవస్థలో, మెదడు లోతట్టున నున్న బేసల్ గాంగ్లియాకు ముఖ్యపాత్ర కలదు. పార్కిన్సన్ వ్యాధిలో చెడినది ఈ లోపలి సూచన. కండరములకు బలము కొంత తగ్గినను, అవి పనికిరానివి కాలేదు. వెలుపలినుండి క్రమమైన దెబ్బ వినబడినపుడు మెదడు చిన్నమెదడు మొదలగు ఇతర మార్గములను ఉపయోగించి ఆ పనిని సాధింపగలదని శాస్త్రజ్ఞుల భావన. లోన తాళము తప్పినవానికి వెలుపల తాళము వేయుట యని దీనిని సంగ్రహింపవచ్చును.

ఈ విధానము మొదట నడకయందు రుజువైనది. 1996 లో మైకేల్ థౌట్ మొదలగువారు తాళము వినిపించు సంగీతముతో మూడు వారములు నడకను అభ్యసింపజేయగా, రోగుల నడక వేగము నూటికి 25 వంతులు, అడుగు నిడివి 12 వంతులు హెచ్చినవి. మ్రింగుటకు సంబంధించిన కృషి దీనికంటె చిన్నది, క్రొత్తది. జపానునందు నోజాకి మొదలగువారు మెట్రొనోము అను తాళయంత్రముతో మ్రింగుట నభ్యసింపజేసిన పద్ధతిని 2012 లో ప్రకటించిరి. జిగురుమిఠాయిని నములుటవలన మ్రింగు తఱచుదనము పెరుగునని 2010 నాటి యొక పరిశోధన చూపినది. నములుట కూడ ఒక లయయే కదా. అమెరికాయందలి అయోవా రాష్ట్రమున స్టెగెమొల్లర్ మొదలగువారు బృందగానము మ్రింగు కండరములపై జూపు ప్రభావమును గూర్చి 2017 లో వ్రాసిరి. అదే కోవలో, బలముగా ఊపిరి నూదు అభ్యాసమును నాలుగు వారములు చేయించిన ట్రోష్ మొదలగువారు 2010 లో 60 మంది రోగులపై జరిపిన పరీక్షలో, శ్వాసమార్గమునకు రక్షణ మెరుగుపడుట గమనించిరి. వీనిలో నడకను గూర్చిన నిదర్శనము బలమైనది; మ్రింగుటను గూర్చినది ఆశాజనకమైనదే కాని స్వల్పము. ఈ తారతమ్యమును మరువరాదు.

సచిన్ నేతగానికి లయ క్రొత్త వస్తువు కాదు. గుంటమగ్గమున కాలితో తొక్కుట, చేతితో నాడెను పంపుట, పలకతో పేకను కొట్టుట అను మూడు పనులు ఒకదాని వెంట నొకటి తప్పక సాగును. అక్కడ లయను పుట్టించువాడు నేతగాడే. మరమగ్గమున లయను యంత్రము పుట్టించును. మనుష్యుడు దానిని కనిపెట్టియుండును. చిన్ననాట స్వగ్రామమున గుంటమగ్గముపై గూర్చుండి, పిదప సూరతున మరమగ్గముల నడుమ జీవితము గడపినవాడు ఈ రెండింటిని ఎరుగును. అయితే మరమగ్గముల కొట్టములలో శబ్దము సామాన్యముగా 90 డెసిబెళ్లకు పైబడియుండును. దానివలన పెక్కురకు వినికిడి తగ్గును. కావున ఇట్టివానికి చెవికి వినిపించు తాళముకంటె తొడపైనను భుజముపైనను వేయు మెత్తని చేతిదెబ్బ మేలు. లయ చెవిసొమ్ము మాత్రమే కాదు. చర్మమునకు గూడ తెలియును.

ఇక భాషాశాస్త్రజ్ఞులు గమనింపదగిన ప్రధానాంశము. చికిత్సకులు తాళమును సాధారణముగా అంకెలతో లెక్కింతురు. గుజరాతీలో ఏక్, బే, త్రణ్, చార్. హిందీలో ఏక్, దో, తీన్, చార్. ఇవి యన్నియు ఏకాక్షరములుగా పలుకబడును. ఒక దెబ్బ, పిదప మౌనము. తెలుగు అంకెల స్వభావము వేరు. ఒకటి యనునది మూడు లఘువులు, అనగా నగణము. రెండు అనునది గురులఘువులు, అనగా హగణము. మూడు కూడ హగణమే. ఈ మూడింటికిని మూడేసి మాత్రలు. నాలుగు అనునది మాత్రము ఒక గురువు, రెండు లఘువులు గలిగి నాలుగు మాత్రలకు సాగి నడకను చెరచును. కాని దానికే నాల్గు అను రూపాంతరము కలదు. అది తిరిగి హగణము, మూడు మాత్రలు. కావున ఒకటి, రెండు, మూడు, నాల్గు అని లెక్కించినచో నాలుగు సూర్యగణములు వరుసగా నేర్పడును. యతిప్రాసలను విడిచి నడకను మాత్రమే చూచినచో ఇది హయప్రచార రగడలో ఒక పాదము. ఛందశ్శాస్త్రమును ఎరుగని నేతగాని నోట నది త్ర్యశ్రగతియై పలుకుచున్నది.

దీనివలన ప్రయోజనమేమి? విలంబకాలమున తాళము నిలుపుట కష్టమని గాయకు లందరును ఎరుగుదురు. దెబ్బకును దెబ్బకును నడుమ శూన్యము హెచ్చినకొలది మనస్సు తొందరపడును. ఆ శూన్యమును చిన్న భాగములుగా విభజించినపుడు తరువాతి దెబ్బ ఎప్పుడు పడునో ముందుగనే తెలియును. మూడు మాత్రల తెలుగు అంకె ఈ విభజనను తనలోనే గలిగియున్నది. పార్కిన్సన్ రోగికి ఇది ముఖ్యము. వేగము మితిమీరినచో అతని క్రియలు లయను విడిచి పరుగెత్తును. సెకనుకు రెండు దెబ్బలను మించిన వేగమున వ్రేలితో తట్టించినపుడు ఇట్టి తొందర కానవచ్చునని ఎరుగుదుము. కావున గణ మొక్కటికి ఒక సెకనుకు తక్కువ కాకుండ, రోగి నెమ్మదికి దగినట్లు కాలము నుంచవలయును.

క్రియను గణములకు ఈ విధముగా కూర్పవచ్చును. ఒకటి యన్నపుడు చిన్న ముద్దను నాలుక నడుమ నుంచి పెదవులు మూయుట. రెండు అన్నపుడు నాలుకను అంగిటికి ఒత్తుట. మూడు అన్నపుడు బలముగా మ్రింగుట. నాల్గు అన్నపుడు ఊపిరి విడచుట. నమలుట ఈ లెక్కకు ముందే ముగియవలయును. లెక్కపెట్టువారు ప్రక్కనున్న ఇంటివారు. రోగి నోట ముద్ద యుండగా మాటాడరాదు, పాడరాదు. అతడు మనస్సున లెక్కించుచు వ్రేలితో తట్టుకొనవచ్చును. మొదట లాలాజలముతోను, పిదప వైద్యుడు అనుమతించిన పదార్థముతోను అభ్యసింపవలయును. పాట వేరొక వేళకు జెందినది. భజనకూటములలో గొంతెత్తి పాడుట ఊపిరిని, స్వరపేటికను బలపరచు అభ్యాసము. అది భోజనసమయమునకు బాహ్యము.

ఇచ్చట తెలుగులోనే మాండలికభేదమును చూడవలయును. తెలంగాణమున ఒకటికి ఒక్కటి యని పలుకుట సామాన్యము. అప్పుడు దానికి నాలుగు మాత్రలు. ఒక్కటి, రెండు, మూడు, నాలుగు అను వరుసలో నాలుగు, మూడు, మూడు, నాలుగు మాత్రలై నడక కుంటును. అట్టి పలుకుగలవానిచేత ఒకటి, నాల్గు అను రూపములనే పలికించుట యొక మార్గము. ఏడు, ఆరు, ఐదు అని మూడు మాత్రల అంకెలనే గ్రహించి వెనుకకు లెక్కించుట మరియొక మార్గము. నలుబదియేండ్లు మగ్గముల నడుమ హిందీలో లెక్కపెట్టినవానికి హిందీ అంకెయే సహజమైనచో దానినే వాడవలయును. లయ ఏ భాషకును సొంతము కాదు. అలవాటు మాత్రము భాషకు సొంతము. రోగి నోట ఏ రూపము అప్రయత్నముగా వచ్చునో వినుటయే మొదటిపని. ఆ వినికిడి భాషావేత్తలకు అలవడిన విద్య.

తల్లులు ఈ విద్యను ఏనాడో ఎరిగియుండిరి. చందమామను జూపి పాడుచు, పాదము ముగియువేళకు బిడ్డ నోట గోరుముద్ద నుంచుట తెలుగు ముంగిళ్ల యలవాటు. ముద్ద చిన్నది, పదార్థము మెత్తనిది, పాట నెమ్మదియైనది, తరువాతి ముద్ద ఎప్పుడు వచ్చునో బిడ్డకు ముందే తెలియును. చికిత్సకులు నేడు చెప్పు నియమములలో పెక్కు ఇందు కలవు. భేద మొక్కటియే: బిడ్డ నేర్చుకొనుచున్నది, వృద్ధుడు మరచినదానిని తిరిగి పట్టుకొనుచున్నాడు.

లయ యొక్కటియే చాలునని మాత్రము భ్రమింపరాదు. తినునపుడు దగ్గు, త్రాగిన పిమ్మట గొంతున గరగర, భోజనమునకు మునుపటికంటె మిక్కిలి ఆలస్యము, కారణము లేక బరువు తగ్గుట, మాటిమాటికి కఫముతో గూడిన జ్వరము: వీనిలో ఏది కనబడినను వైద్యుని జూడవలయును. ఎక్స్‌రే క్రింద బేరియమును మ్రింగించి చూచుటయో, ముక్కుద్వారమున సన్నని గొట్టముతో గొంతును చూచుటయో ఇందుకు తగిన పరీక్షలు. ఏ రోగికి గడ్డము వంచి మ్రింగుట మేలో, ఏ రోగికి పానీయమును చిక్కపరుపవలెనో ఆ పరీక్షయే నిర్ణయించును. పలుచని మంచినీరు, మజ్జిగ, చారు సులభముగా దిగునని తలచుట సహజము. పెక్కురు రోగులకు అవియే ఎక్కువ ప్రమాదకరములు. మెతుకు వేరు, నీరు వేరుగా నున్న చారన్నముకంటె మెత్తగా కలిపిన పప్పన్నము మేలు. మందు పనిచేయు వేళయందు భోజనము పెట్టుట, నిటారుగా గూర్చుండబెట్టుట, తినిన వెంటనే పరుండనీయకుండుట అందరికిని వర్తించును. పప్పు మొదలగు మాంసకృత్తులు లెవోడోపా యొక్క శోషణకు కొందరిలో అడ్డు తగులును గనుక మందు వేళను వైద్యుని యడిగి స్థిరపరచుకొనవలయును.

పైవిచారణవలన తేలిన విషయ మిది. పార్కిన్సన్ వ్యాధిలో మ్రింగుట తడబడునది ముఖ్యముగా ఆరంభమునందు. ఆరంభమునకు తోడు వెలుపలి లయ. ఆ లయ రోగికి అలవడిన మాటయం దున్నపుడు అతడు దానిని వేరుగా నేర్వనక్కరలేదు. మాత్రాగణనము ఇంతవరకు పద్యపరీక్షకే వినియోగింపబడినది. సచిన్ వంటి బహుభాషాస్థలములలో, ఏ భాషవారి అంకెలు ఎన్నేసి మాత్రలో, ఏ మాండలికమున ఏ రూపము నడకను నిలుపునో చెప్పు చిన్న పట్టికలను ఆయా భాషల విద్వాంసులు సిద్ధపరచి చికిత్సకుల కందజేసినచో, గుజరాతీ మాటాడు చికిత్సకురాలు తెలుగు నేతగాని తొడపై అతని లయనే తట్టగలదు. వానిని సిద్ధపరచుట శ్రమతో గూడినది కాదు. అంతవరకు తెలుగు ఇండ్లలో వెంటనే జరుగవలసిన మార్పు ఒకటి కలదు. వృద్ధుడు పొలమారినపుడు తలచుకొనువా రెవరని అడుగుటతో ఆగక, అది ఈ వారమున ఎన్నవమారో లెక్కింపవలయును.